చిన్నాయన బిల్ల

అరవైల్లో హాలియా దగ్గర కాలువ తవ్వుతున్న రోజులవి. నేను పదేళ్ల ఆడపిల్లను. కూలీలకు నంబరున్న ఇత్తడి బిల్లలు ఇచ్చేవారు. ఒకరికి జ్వరమొస్తే ఆ బిల్లతో ఇంట్లో ఇంకొకరు పనికి పోవడం మామూలే. మేస్త్రీ చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

చిన్నాయన మంచం పట్టిన రోజు ఆయన బిల్లతో మా బాపు వెళ్లాడు. బండరాయి దొర్లి కుడిచెయ్యి నుజ్జయింది. దవాఖానలో మణికట్టు దాకా తీసేశారు.

కూలీలకు దెబ్బ తగిలితే కంట్రాక్టరు బీమా డబ్బు ఇప్పించి తీరాలని ఎవరో చెబితే, గాయం మానాక ముగ్గురం ఆశగా ఆఫీసుకు పోయాం. గుమాస్తా బిల్ల చూసి చిన్నాయనతో, “బిల్ల నీది. నీ రెండు చేతులు మంచిగనే ఉన్నయ్ గద! గీయనెవరో మాకు తెల్వదు” అన్నాడు.

బయటికి రాగానే చిన్నాయన తన కుడిచెయ్యి బండమీద పెట్టి, ఎడమచేత్తో రాయెత్తాడు.

“బిల్ల నాదైతే చెయ్యి గూడ నాదే పోనియ్యి, అన్నా!”

నేను కెవ్వుమన్నాను. బాపు ఉన్న ఒక్క చేత్తో ఆ రాయిని పట్టి ఆపాడు.

“వద్దురా. ఇగ రెండిండ్లకు గవే చేతులు.”

బీమా మాట వింటే ఇప్పటికీ నాకు ఆ రాయే కనబడుతుంది. ఆ మర్నాడు పొద్దున్నే చిన్నాయన అదే బిల్లతో అదే కాలువకు పోయాడు. బాపు గడపలో కూర్చుని చూస్తూ ఉండిపోయాడు.