పరుపు ఎవరిది

కాసిడీహ్‌ బస్తీలోని ఒంటిగది ఇంట్లో, తల్లి దాలమ్మ, ఆసుపత్రిలో ఆయాగా రాత్రి డ్యూటీకి వెళ్లగానే, ముప్పై ఏళ్ల శ్వేత తన జబ్బకు తల్లి కట్టిన తాయెత్తు విప్పి దిండు కింద పెడుతుంది; తెల్లారి తల్లి వచ్చేలోపు మళ్లీ కట్టుకుంటుంది. ముస్తాబై వెబ్‌క్యామ్ ముందు మగవాళ్లను మురిపించడం ఆమె జీవనం. జుగ్సలాయి బజారులో టాక్సు లెక్కలు చూసే జయప్రకాష్ దగ్గరికి టాక్సు భయంతో వెళ్లి, పనేమిటని అతను అడిగితే "ఆన్‌లైన్" అని ఊరుకుంది.

"పని సామాను ఖర్చులో రాసీవచ్చు. ఏటేటి కొన్నావమ్మా?"

"లైట్లు, కెమెరా... పరుపు."

"పరుపు ఇంటిది కాదేటి?"

"రాత్రి పనికి. పగలు మాయమ్మ తొంగుంటాది."

"అయితే సగం రాసీద్దాం."

డ్యూటీ నుంచి వచ్చి, చీరైనా మార్చకుండా ఆ పరుపుమీద వాలిపోయే తల్లి శ్వేతకు గుర్తొచ్చింది.

"వద్దంకుల్. మొత్తం అమ్మదే."

"టాక్సు పెరుగుతాది కదమ్మా! మరి నువ్వు పని చేసేదెక్కడ?" అతను అయోమయంగా చూశాడు.

శ్వేత చేయి తాయెత్తు ముడి మీదికి వెళ్లింది. విప్పాలో, బిగించాలో తెలియక అక్కడే ఆగిపోయింది.