నూనె రాసిన కాలు

అత్తయ్యను గుంటూరు నుంచి వెంటబెట్టుకుని ఐర్లండ్‌లో స్వోర్డ్స్ అనే ఊళ్లోని మా ఇంటికి వచ్చిన మర్నాడే నా ఎడమ పిక్క పట్టేసింది. అంతసేపు విమానంలో కదలకుండా కూర్చుంటే పట్టదా మరి అనుకున్నాను. సాయంత్రానికి ఆ ఒక్క పిక్కే వాచి, ముట్టుకుంటే వేడిగా తగిలింది.

మా అత్తయ్య చేతివాసి బంధువులందరికీ తెలుసు. ఎవరికి ఏం బెణికినా ఆవిడ దగ్గరికే వస్తారు. "ఇంతదానికి డాక్టరెందుకమ్మాయ్, రుద్దితే అదే పోద్ది" అంటూ నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి, బొటనవేళ్లతో పిక్కను నొక్కి పైకి లాగారు. హాయిగా నిద్రపోయాను.

పొద్దున మెట్లెక్కుతుంటే ఊపిరి అందలేదు. సగంలోనే కూలబడ్డాను. మా ఆయన అంబులెన్స్ పిలిచారు. ఆస్పత్రిలో బ్లడ్ టెస్ట్, సీటీ స్కాన్ అయ్యాక డాక్టరమ్మ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. డాక్టర్లు కూర్చుని మాట్లాడితే మంచి కబురు కాదని అప్పుడే తెలిసింది.

"కాలిలో క్లాట్ ఉంది, రక్తం గడ్డకట్టింది. కొంత లంగ్స్‌లోకి వెళ్లింది. పల్మనరీ ఎంబాలిజం" అన్నారు. కాలికి దెబ్బేమైనా తగిలిందా అని అడిగితే, లేదు, మర్దన చేశారన్నాను. ఆవిడ రాయడం ఆపేశారు. "క్లాట్ ఉన్న కాలిని రుద్దకూడదు. కదిలితే ప్రాణానికే ప్రమాదం." ఆ నూనె వాసన ఇంకా నా కాలికి ఉంది.

మర్దన వల్లే క్లాట్ కదిలిందని ఖచ్చితంగా చెప్పలేమని కూడా అన్నారు. ఆ మాట అత్తయ్య చెవికెక్కలేదు. "నా చేత్తో నేనే చంపుకునేదాన్ని" అని నన్ను ముట్టుకోవడమే మానేశారు. మాత్రలు కూడా బల్ల మీద పెట్టి పక్కకు వెళ్లిపోయేవారు.

రక్తం పలచబడే బ్లడ్ థిన్నర్ మాత్రలిచ్చి ఇంటికి పంపారు. "నడవండి, మీకిప్పుడు నడకే మందు" అన్నారు మా పేటలో చూసే డాక్టరు, జీపీ. అంతకుముందు రోజూ మా వీధులన్నీ చుట్టివచ్చేదాన్ని. ఒకరోజు ధైర్యం చేసి బయల్దేరితే, మలుపు దగ్గరే గుండె దడదడలాడింది. మళ్లీ వచ్చేసిందనుకుని గోడ పట్టుకున్నాను. "ఆర్ యూ ఆల్‌రైట్, లవ్?" అంది పక్కింటావిడ. బాగానే ఉన్నానని ఇక్కడివాళ్లలాగే "గ్రాండ్" అని అబద్ధమాడి, ఇంటికొచ్చి ఏడ్చాను. జీపీ పరీక్ష చేసి, ఇది క్లాట్ కాదు, భయం అన్నారు. భయమని తెలిసినా గడప దాటలేకపోయాను.

ఉగాది నాటికి వీధి పొడవునా పసుప్పచ్చటి డాఫోడిల్స్ పూలు పూశాయి. పొద్దున్నే నూనె గిన్నె తెచ్చి అత్తయ్య ముందు కూర్చున్నాను.

"తలకు పెట్టండి అత్తయ్యా, పండగ కదా."

"వద్దమ్మాయ్. నా చేతులొద్దు."

"క్లాట్ కాల్లో అత్తయ్యా, తలలో కాదు."

ఆవిడ నవ్వబోయి ఏడ్చేశారు. ఏడుస్తూనే మాడుకు నూనె పెట్టారు.

తలంటు, పచ్చడి అయ్యాక ఇద్దరం నడకకు బయల్దేరాం. మలుపు దగ్గర మళ్లీ దడ. చెయ్యి చాచాను. అత్తయ్య గట్టిగా పట్టుకున్నారు. అలాగే మలుపు దాటేశాం. ఇప్పుడు రోజూ వెళ్తున్నాం.

దూరప్రయాణం తర్వాత ఒక్క కాలే వాచి నొప్పి పెడితే ఏం చేయాలో నాకన్నా అత్తయ్యే బాగా చెబుతారు. మొన్న వాళ్ల చెల్లెలు బస్సులో కాశీ వెళ్లొచ్చి, కాలు పట్టేసిందని, ఏ నూనె రాయాలని ఫోన్ చేసింది.

"ఒక కాలా, రెండు కాళ్లా?" అని అడిగారు అత్తయ్య. "ఒకటేనా? అయితే ఎవర్నీ చెయ్యెయ్యనీకే. ఇప్పుడే డాక్టర్ దగ్గరికెళ్లు. నేనక్కడున్నా సరే, నన్ను కూడా ముట్టుకోనీకు."