కనకలక్ష్మి సిస్టర్ నఖశిఖ పరీక్ష

మీ చిటికెన వేలు తెగిందనుకోండి. కట్టు కట్టించుకోవడానికి మా కనకలక్ష్మి సిస్టర్ దగ్గరికి మాత్రం వెళ్ళకండి. వెళ్ళారో, తల వెంట్రుకల నుంచి కాలి గోటి దాకా చూడనిదే ఆవిడ మిమ్మల్ని వదలదు.

రాయదుర్గం మెట్రో పక్కన పద్దెనిమిది అంతస్తుల ఆఫీసు బిల్డింగు. దాని మెడికల్ రూముకు మేమిద్దరమే నర్సులం. ఆవిడ సీనియర్. నేను వసంత, చేరి రెండు నెలలు. నా ఖర్మకొద్దీ, బయట వరుసలో ఉన్నవాళ్ళ తిట్లన్నీ నేనే తినాలి.

ఒకరోజు యశస్విని అనే సాఫ్ట్‌వేర్ అమ్మాయి కాగితం కోసుకుపోయిన వేలితో వచ్చింది.

"సిస్టర్, ఒక్క ప్లాస్టర్ ఇవ్వండి. మీటింగుంది."

"ఇస్తనమ్మా. ముందుగాల నోరు తెరువు."

"తెగింది వేలండీ!"

"వేలు మనిషికే ఉన్నది గదా. తెరువు."

నాలుక, కళ్ళు, మెడ, ముందూ వెనకా ఊపిరి, పొట్ట నాలుగు పక్కలా, చివరికి పాదాలు. వేలి వంతు వచ్చేసరికి రక్తం దానంతటదే ఆగిపోయింది. ఆ పిల్ల ప్లాస్టర్ కూడా తీసుకోకుండా పారిపోయింది.

ఇలాంటి ఫిర్యాదులు పోగుపడి, మేనేజరు మధుకర్ గారు నన్ను పిలిచారు. "ఈ వారం ఒక్కొక్క పేషెంటుకు ఎంత టైము పడుతోందో రాయండి. సగటు పదిహేను నిమిషాలు దాటితే, సోమవారం నుంచి ఆవిడ రానక్కర్లేదండి."

సరిగ్గా బీపీ చూడటం నాకు నేర్పింది కాలేజీ కాదు, ఆవిడే. ఆవిడ ఉద్యోగం నా చేత్తోనే ఊడగొట్టాలా?

"సిస్టర్, జర తొందరగ చూడుండ్రి. మీ ఉద్యోగం పోయేటట్టున్నది."

"ఫికర్ చెయ్యకు బిడ్డా. నీ మొహమేంది గిట్ల పీక్కపోయింది? ఇటు రా, నాలుక చూపియ్యి."

గోడకేసి తల బాదుకోవాలనిపించింది. ఆవిడ నా తలకు కూడా పరీక్ష చేస్తుందన్న భయంతో ఆగాను.

మొదటి రోజు సగటు పద్దెనిమిది. రాత్రంతా ఏడుపొక్కటే తక్కువ. మర్నాడు ఆ లెక్కే మళ్ళీ చూస్తుంటే ఒక వింత కనిపించింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకు పన్నెండు నిమిషాలే. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ వాళ్ళు ఎవరు వచ్చినా నలభై.

ఆ మధ్యాహ్నం గేటు దగ్గరి సెక్యూరిటీ ఓదెలు తలనొప్పని వచ్చాడు. ఎంతకీ బయటికి రాలేదు. తెర తొలగించి చూస్తే, సిస్టర్ అతని మణికట్టు పట్టుకుని కదలకుండా కూర్చుంది.

"నాడి దొరుకుతలేదా సిస్టర్?"

"మెల్లగ! ఇప్పుడే కన్నంటుకున్నది."

ఓదెలు నిద్రపోతున్నాడు. బూట్లు విప్పిన పాదాలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. వాటి కింద రెండు దిండ్లు.

"పొద్దుగాల ఆరింటి సంది నిలబడే ఉన్నడు," అంది సిస్టర్ గుసగుసగా. "గేటు కాడ కుర్చీ వేస్తే బాగుండదట. పరీక్షల ఉన్నోళ్ళకైతే గైర్హాజరు వెయ్యరు. అందుకే మొత్తం చూసి, ఇగ జరసేపు పండవెడుతున్న."

"మరి సాఫ్ట్‌వేరోళ్ళకెందుకు?"

"వీళ్ళకే చేస్తే అనుమానం రాదా, పిచ్చిదానా!"

సిగ్గుతో టైములు రాసే పుస్తకం మూసేశాను. "సిస్టర్, ఇగ కూర్చునే ఉద్యోగాలోళ్ళను నేను చూస్త. నిలబడేటోళ్ళు మీకు."

వేలు తెగితే వేలే చూశాను. ఎవరి నాలుక జోలికీ పోలేదు. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు.

శుక్రవారం మధుకర్ గారు వచ్చి పుస్తకం తిరగేశారు. "సగటు పద్నాలుగా! పర్లేదండీ, చెబితే వింటారన్నమాట."

సరిగ్గా అప్పుడే తెర వెనక నుంచి హౌస్‌కీపింగ్ లక్ష్మమ్మ గురక, గది దద్దరిల్లేలా వినిపించింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏమిటండీ ఆ శబ్దం?"

"ఊపిరితిత్తులు సార్," అన్నాను. "సిస్టర్ వింటున్నారు."

ఆయన తెర కింద నుంచి కనిపిస్తున్న అరిగిపోయిన చెప్పుల కేసి కాసేపు చూశారు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు. "ఇంకా ఎంతసేపు?"

"మోకాళ్ళ దాకా కూడా రాలేదు సార్."

మధుకర్ గారు తలూపి, బూట్లు చప్పుడు కాకుండా మునివేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళి, తలుపు తానే మెల్లగా దగ్గరికి వేశారు.