రెండు వాచీల మధ్య మా అక్క

మా అక్క పోయింది. పోయిన శుక్రవారం పొద్దున, జ్వరం దిగిందని మేమంతా ఊపిరి పీల్చుకుంటున్న పూటే. సంఘం వాళ్ళు గుడి గోడ మీది పలక మీద "ప్రభువునందు నిద్రించినది" అని రాశారు. అది చదివి నాకు నవ్వొచ్చింది. పోలీసు యాక్షన్ నాటి నుంచి మా అక్క కంటినిండా నిద్రపోయిన దాఖలా లేదని, పక్క మంచం దాన్ని, నాకంటే ఎవరికి తెలుసు? నవ్వు పూర్తికాకముందే ఏడుపొచ్చింది. గుడి వరండాలో నవ్వుతూ ఏడుస్తూ నిలబడ్డ నన్ను చూసి, ఆమె దగ్గర చదువుకున్న పిల్లలు దూరంగా జరిగారు.

ఆమె మీలో చాలామందికి లెక్కల టీచరమ్మ. ఎడమ చేతికి స్టీలు వాచీ, వేలికి సుద్దముక్క మరక, ఎండాకాలంలో కూడా మోచేతులు మూసే రవిక. క్లాసులో చేయి ఎత్తినవాళ్ళను వదిలేసి ఎత్తని వాళ్ళ దగ్గరకు పోయేది. "అడిగేటోళ్లకు జవాబు చెప్పాలె. అడగనీకె భయపడేటోళ్ల పక్కన కూసోవాలె" అనేది. ఆ స్టీలు వాచీ మీ అందరికీ గుర్తుంటుంది. రెండో వాచీ సంగతి మా ఇంట్లో వాళ్ళకు తప్ప ఎవరికీ పూర్తిగా తెలియదు. ఆమె ఉన్నన్నాళ్ళు చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే ఆమె ఎందుకు పెళ్ళి చేసుకోలేదో ఎవరికి తోచిన కథ వాళ్ళు అల్లుకుంటారు.

మా సంఘంలో ఆడవాళ్ళు బంగారం పెట్టుకోరు. చెవులు బోసి, మెడ బోసి. పెళ్ళి కుదిరితే ఉంగరానికి బదులు పెళ్ళికొడుకు వాచీ తెస్తాడు. వాచీ నగ కాదు, పనిముట్టు అని మా పెద్దలు ఎన్నడో తేల్చేశారు. దాంతో మా ఆడవాళ్ళ ముచ్చట్లన్నీ ఆ పనిముట్టు చుట్టే తిరిగేవి.

అక్కకు కుదిరిన సంబంధం మల్కాజ్‌గిరి అబ్బాయి. రైలు ఆఫీసులో గుమాస్తా, తండ్రి లేడు, తల్లికి ఒక్కడే. నేను బావ అనే పిలిచేదాన్ని. ఆయన వాచీల దుకాణం వాళ్ళను ఒప్పించి ఒకటి కాదు, రెండు వాచీలు తెచ్చాడు. నచ్చింది ఉంచుకుని రెండోది వాపసు ఇవ్వాలి. ఒకటి స్టీలుది, పలచగా, రోజూ చావి తిప్పి నడిపించాల్సింది. రెండోదానికి ఒళ్ళు స్టీలు, అద్దం చుట్టూ అంచు మాత్రం బంగారం. దానికి చావి అక్కర్లేదు.

"చేతికుంటే చెయ్యి ఊపుకే నడుస్తది. తీసి పక్కన పెడితే తెల్లారేసరికి ఆగిపోతది. మనిషి ఉంటేనే దానికి ప్రాణం" అని బావ గొప్పగా చెప్పాడు.

ఇక మొదలైంది మా ఇంట్లో పంచాయితీ. అంచు బంగారమైతే అది నగా, పనిముట్టా? మా సంఘం అయ్యగారి భార్య వచ్చి, కళ్ళజోడు సర్దుకుని చూసి, శోధనలో పడొద్దంది. "సగం బంగారమైతే పాపం కూడా సగమేనా అమ్మగారూ?" అని అడిగి నేను అమ్మ చేత మొట్టికాయ తిన్నాను. అక్క మాత్రం స్టీలుదాన్నే తిప్పి తిప్పి చూసింది. రెండోదాని వైపు కన్నెత్తలేదు. అంటే మనసంతా దాని మీదే ఉందని నాకర్థమైంది.

బావ నవ్వాడు. "సంఘానికి నచ్చింది కాదు, నీకు నచ్చింది చెప్పు. తొందరేం లేదు, నేను డ్యూటీ మీద పోతున్న, వచ్చినాక చెప్పు" అన్నాడు. జిల్లాలో ఒక చిన్న స్టేషనుకు, అక్కడి మాస్టరు సెలవులో ఉంటే బదులుగా పంపారు. అక్క గడప దాకా వెళ్ళి, ఏదో చెప్పబోయి, రేపు చెప్పొచ్చులే అన్నట్టు ఊరుకుంది.

ఆ రోజులు గుర్తున్నవాళ్ళకు నేను చెప్పేదేముంది. రజాకార్ల భయం, సగంలో ఆగిపోయే రైళ్ళు, తలుపుల వెనక మనుషులు. సెప్టెంబరులో సైన్యం వచ్చింది. కంటోన్మెంటు రోడ్డు మీద ట్యాంకులు పోతుంటే సికింద్రాబాదంతా పూలు చల్లింది. ఆ జనంలో మా అక్క ఒక్కతే వెనక్కి తిరిగి స్టేషను వైపు చూస్తూ నిలబడింది. రైళ్ళు మళ్ళీ షురూ అయ్యాక ఆ స్టేషనుకు వెళ్ళొచ్చిన ఒకాయన మా ఇంటికొచ్చి చెప్పాడు. తలుపు తీసే ఉందట. జెండాలు చుట్టి ఉన్నాయట, దీపంలో నూనె పోసి ఉందట. బల్ల మీద చాయ్ కప్పు, చల్లారకుండా దాని మీద సాసర్ మూత. విరిగిందేమీ లేదు, ఎక్కడా ఒక రక్తపు చుక్క లేదు. మనిషి మాత్రం లేడు. ఇప్పటికీ లేడు.

వాపసు ఇచ్చేవాళ్ళు లేక వాచీలు రెండూ మా బీరువాలోనే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం దుప్పట్ల కోసం తెరిచినప్పుడు నాకు టిక్కు టిక్కుమని వినిపించింది. స్టీలుది ఎప్పుడో ఆగిపోయింది. బంగారపు అంచుది నడుస్తోంది. నడవడమే కాదు, గోడ గడియారంతో సమానంగా నడుస్తోంది.

"ఏందే, దొంగచాటుగ పెట్టుకుంటున్నవా?" అని అమ్మ అక్కను అడిగింది. అక్క నన్నడిగింది. నేను మళ్ళీ అక్కనే అనుమానించాను. ముగ్గురం ఒకరినొకరం దొంగల్లా చూసుకున్నాం. చివరికి అమ్మ ఆ వాచీని గుడ్డలో మూటకట్టి బియ్యం డబ్బాలో అడుగుకంటా పాతి, పైన రోలు పెట్టింది. వారం తరువాత తీస్తే బియ్యం మధ్య హాయిగా నడుస్తూ ఉంది. ఆ పూట బియ్యం కడిగి వండడానికి ఎవరికీ చేతులు రాలేదు.

నాన్న చదువుకున్న మనిషి. "మన ఇల్లు పట్టాల పక్కన. రైలు అదురుకు నడుస్తున్నది, అంతే" అన్నాడు. మాకు అదే కావాలి కనుక నమ్మేశాం. తరువాతి ఏడు నేరేడ్‌మెట్‌లో ఇల్లు తీసుకున్నాం. అక్కడ రైలు లేదు, అదురు లేదు. సామాను సర్దుతూ నాన్నే వాచీని చెవి దగ్గర పెట్టుకుని, నడుస్తూనే ఉన్న దాన్ని మళ్ళీ బీరువాలో పెట్టాడు. ఆ రోజే నేను దాని పట్టీ చూశాను. కొత్త తోలు నల్లబడి, చెమట పట్టిన వాసన వేస్తోంది. ఒక చిల్లు దగ్గర బాగా మడత పడింది. అక్క చేతికీ నా చేతికీ ఆ చిల్లు చాలా వదులు. మగవాళ్ళ మణికట్టుకు సరిపోతుంది.

బావ వాళ్ళమ్మను నేను అత్తమ్మ అంటాను. ఆమెకు ఈ సంగతి ఎట్లా తెలిసిందో, ఆదివారం ఆరాధన కాగానే మల్కాజ్‌గిరి నుంచి మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. "ఒక్కపారి చెవి కాడ పెట్టనియ్యి బిడ్డా" అనేది. కళ్ళు మూసుకుని వినేది. చాయ్ తాగి వెళ్ళిపోయేది. ఒకసారి అక్కే జాలిపడి వాచీని ఆమెకిచ్చి పంపింది. మర్నాడే ఆమె దాన్ని కొంగున కట్టుకుని తిరిగొచ్చింది. అది ఆగిపోయి ఉంది.

"నా ఇంటికి రాడు బిడ్డా. నీ కాడికే వస్తుండు" అంది అత్తమ్మ. ఆ గొంతులో ఏడుపుందో, నిష్ఠూరముందో, సంతోషముందో నేను చెప్పలేను. వాచీని బీరువాలో పెట్టి తలుపు వేశాం. సాయంత్రం తెరిస్తే నడుస్తోంది.

ఏళ్ళు గడిచాయి. అక్కకు మళ్ళీ సంబంధం వచ్చింది. బడిపంతులు, నెమ్మదస్తుడు. నాన్న అక్కను కూర్చోబెట్టి బతిమాలాడు. "తల్లీ, రెండిట్ల ఒకటి ఎంచుకో. స్టీలుది పెట్టుకుంటవా, రెండోది అత్తమ్మకిచ్చి ఈ పంతులుగారికి సరే అను. లేదు, అదే కావాలంటవా, ఇంక నేను ఎవ్వర్నీ తీసుకరాను." అత్తమ్మ కూడా పెద్దమనసుతో, వాచీ తీసుకుని అక్కను ఆ మాట నుంచి విడిచిపెడతానంది. అక్క "స్టీలుదే" అంది. దానికి చావి ఇచ్చి చేతికి పెట్టుకుంది. నేను సంతోషం పట్టలేక వంటింట్లోకి పోయి చక్కెర డబ్బా ఒలకబోశాను.

వాళ్ళు వచ్చిన రోజు ముసురు. పట్టపగలే ఇంట్లో మసకగా ఉంది. పంతులుగారు నాన్న పక్కన కుర్చీలో కూర్చున్నారు, అత్తమ్మ చాప మీద. అత్తమ్మకు ఇవ్వడానికి నన్ను ఆ రెండో వాచీ తెమ్మన్నారు. బీరువా తెరిచి దాన్ని చేతిలోకి తీసుకున్నాను. బీరువాలో బట్టలన్నీ వానకు చల్లగా ఉన్నాయి. వాచీ వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరో చేతి నుంచి విప్పి ఇచ్చినంత వెచ్చగా.

అక్క అరచేతిలో పెట్టాను. ఆమె గుప్పిట మూసింది.

"చెల్లే, నువ్వు పెట్టుకున్నవా?"

"లేదక్కా. దేవుని మీద ఒట్టు." మా సంఘంలో ఒట్టు పెట్టకూడదు. తెలిసే పెట్టాను.

అక్క హాల్లోకి వెళ్ళింది. "పంతులుగారూ, మీరు మంచోళ్లు. నన్ను మన్నించాలె. నేను మాటిచ్చినాయన ఇంట్లనే ఉన్నడు" అంది. పంతులుగారు గభాలున కుర్చీలోంచి లేచి, ఆ కుర్చీని ఒకసారి చూసుకుని, నిలబడే చాయ్ ముగించి సెలవు తీసుకున్నారు. నాన్న చాలాసేపు ఆ కుర్చీలో కూర్చోలేదు.

నేను ఊరుకోలేదు. నాకు కోపం ఎక్కువ, దాచుకోవడం రాదు. "చచ్చిన మనిషి కోసం బతుకు పాడుచేసుకుంటవా?" అని అరిచాను. అక్క బట్టలు మడతపెడుతూ, "చచ్చిండని నీకెవరు చెప్పిన్రు?" అంది. తరువాత ఆమె రోజూ స్టీలుది పెట్టుకునే బడికి వచ్చింది, మీరందరూ చూశారు. ఇంటికి రాగానే దాన్ని విప్పేసేది. పని చేసుకుంటూ తనలో తాను సన్నగా మాట్లాడుకునేది. మధ్యలో ఆగేది, అవతలివాళ్ళు చెప్పేది విన్నట్టు. ఆమెకు భయం ఉండేది కాదు. భయమంతా నాదే. బీరువా ఉన్న గదిలో వెనక్కి తిరిగి చూడకుండా జడ వేసుకోవడం నేర్చుకున్నాను.

కానీ నా పెళ్ళి కుదిరినప్పుడు ఆమె చేసిన మేలు మరిచిపోలేను. మా ఆయన కూడా రెండు వాచీలు తెచ్చాడు. నేను బెట్టు చేద్దామని, "ఆలోచించి చెప్తా" అన్నాను. పక్క గదిలోంచి అక్క పరుగున వచ్చింది. నా రెండు భుజాలు పట్టుకుని ఊపేసింది. "ఇప్పుడే చెప్పు. ఆయన గడప దాటకముందే చెప్పు. రేపు అనకు!" ఆమె అంత గట్టిగా మాట్లాడడం నేను అదొక్కసారే విన్నాను. వెంటనే వేలు పెట్టి చూపించాను. ఇవాళ నాకు ఒక ఇల్లంటూ ఉందంటే, ఆ కేక వల్లనే అనుకుంటాను. అక్కా, ఈ మాట నీతో ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది.

మన హైదరాబాదు రాష్ట్రం కూడా ఇక ఉండదంటున్నారు. బావ డ్యూటీ మీద వెళ్ళిన ఆ చిన్న స్టేషను పేరు చెబితే మా పిల్లలు ఎక్కడుందని అడుగుతారేమో. అక్క ఉన్నంతకాలం ఆ పేరు మా ఇంట్లో రోజూ వినిపించేది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమెకు స్నానం చేయించాం. అమ్మ స్టీలు వాచీ ఎడమ చేతికి పెట్టింది, చావి ఇవ్వబోయి మానేసింది. రెండోదాన్ని అత్తమ్మ కొంగున కట్టుకుంది. నడుస్తోందా అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పెట్టె మూసే ముందు అయ్యగారి భార్య అక్క చేతులు రెండూ గుండె మీద జోడించబోయింది. ఎడమ చెయ్యి మామూలుగా వచ్చింది. కుడి చెయ్యి రాలేదు. అది పక్కకు చాచి ఉంది, వేళ్ళు వంగి ఉన్నాయి. పూర్తిగా మూసుకోలేదు, మధ్యలో ఒక మగమనిషి మణికట్టు పట్టేంత చోటు ఉంది. ఆమె ఆ వేళ్ళను తెరవబోయింది, తరువాత మూయబోయింది. రెండూ కాలేదు.

అమ్మ వైపు, అత్తమ్మ వైపు, నా వైపు చూసి ఆమె తన చేతులు వెనక్కి తీసుకుంది. "ఉండనియ్యండి. పట్టుకున్నది పట్టుకోనియ్యండి" అంది.