తోమిన తూటా గొట్టాలు

మా బావ ఆంజనేయప్రసాద్‌కి భయం. దేనికి అని అడక్కండి, అన్నిటికీనూ. కెనడాలో ఈ రెజైనాలో ఇన్నేళ్ళున్నా మంచు పడితే కారు తీయడానికి భయం. మేనేజరు "ఒక్క నిమిషం ప్రసాద్" అంటే భయం. డాక్టరు దగ్గర్నుంచి ఫోనొస్తే కూర్చున్నవాడు లేచి నిలబడతాడు. అలాంటి మనిషి రైఫిల్ కొన్నాడంటే మా అక్క శ్యామల నవ్వలేక చచ్చింది. వేటకి కాదు లెండి, అంత సీన్ లేదు. కాగితం మీద గీసిన గుండ్రాల్ని కొట్టడానికి.

కాల్చడం కన్నా తూటాలు తయారు చేసుకోవడమంటేనే ఆయనకి ప్రాణం. కాల్చేసిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, బేస్‌మెంట్‌లో కూర్చుని, మళ్ళీ మందు కొలిచి పోసి గుండు బిగిస్తాడు. "ఏం బావా, వడియాలు పెడుతున్నావా?" అని ఏడిపించేవాణ్ణి. ఆయన నవ్వకుండా క్లాసు పీకేవాడు.

"చూడ్డానికి అన్నీ ఒకటే సాకేత్. కానీ ఒకదాని గోడ రవ్వంత మందంగా ఉంటుంది. అంటే లోపల చోటు తక్కువ. దాంట్లోనూ అంతే మందు పోశామనుకో, ఒత్తిడి పెరుగుతుంది, గుండు వేరేచోట తగుల్తుంది. మరీ పెరిగితే..."

ఆ మాట మాత్రం ఎప్పుడూ పూర్తి చేయడు. అందుకే ప్రతి గొట్టాన్నీ తూచి బరువువి ఒక ట్రేలో, తేలికవి ఇంకో ట్రేలో పెడతాడు. బరువు వాటికి మందు తక్కువ, తేలిక వాటికి కాస్త ఎక్కువ.

రైఫిల్ ఆయనదే అయినా గురి మాత్రం కూతురిది. స్పందనకి పదిహేడేళ్ళు, మైనర్ లైసెన్స్ ఉంది. నాన్న చేసిన తూటా అంటే కనీసం తిప్పి కూడా చూడదు, లోపలికి తోసేస్తుంది. అంత నమ్మకం.

సెప్టెంబరులో ఓ శనివారం పొద్దున్న షూటింగ్ క్లబ్బు పోటీ. వాళ్ళ వెనకే నేనూ నా కారులో వెళ్ళాను. ఊరి బయట రేంజ్, చుట్టూ కోసేసిన గోధుమ చేలు. స్పందన బోర్లా పడుకుని మొదటి తూటా కాల్చింది. సరిగ్గా మధ్యలో పడింది. రెండోది బాగా పైకి పోయింది. "వాట్?" అంది తనలో తనే. మూడోది మళ్ళీ మధ్యలో.

నాలుగోది పేలినప్పుడు చప్పుడే తేడాగా ఉంది. లేకపోతే నాకలా అనిపించిందేమో. ఇంకా పైకి కొట్టింది. తూటా పెట్టే చోటుని వెనకనుంచి మూసే బోల్ట్ తెరుచుకోవట్లేదు. అరచేత్తో గట్టిగా కొడితేగానీ ఊడి రాలేదు, కాలిన గొట్టం ఎగిరి బావ కాళ్ళ దగ్గర పడింది. "ఇట్స్ ఓకే నాన్నా, లాస్ట్ వన్," అంటూ ఐదోది తోసేసింది.

బావ ఆ గొట్టాన్ని తీసి అడుగుభాగం చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆపు!"

ఆ మనిషి గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది. వరసలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. "వేలు తియ్యి! స్పందనా, వేలు తియ్యమ్మా!" పిల్ల చెంప రైఫిల్‌కి ఆనించి ఉంది. బోల్ట్ వెనకాలే కన్ను. దేవుడా, దేవుడా అనుకుంటున్నాను తప్ప కాళ్ళు కదల్లేదు. మెల్లగా వేలు తీసింది. తూటా బయటికి తీసి లేచింది.

బావ నాకు గొట్టం చూపించాడు. అడుగున ఉండే చిన్న బిళ్ళ నలిగి చదునైపోయింది. "ఒత్తిడి. బరువు గొట్టంలో ఎక్కువ మందు పడింది. ఇంకో దెబ్బకి మొహం మీదకి..." అన్నాడు. ఈసారీ పూర్తి చేయలేదు.

అసలెలా కలిశాయి? వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. మా అమ్మ బాలత్రిపురసుందరి వేసవి నుంచీ అక్క దగ్గరే ఉంటోంది.

"అమ్మా, బావ సామాను ముట్టుకున్నావా?"

"ముట్టుకోవడమేంట్రా, తోమి పెట్టాను! మసి పట్టిపోయి ఉన్నాయి పాపం. రెండు ట్రేలవీ ఒకేసారి చింతపండూ ఉప్పూ వేసి తోమి, ఆరబెట్టి, మళ్ళీ చక్కగా సర్దాను. అల్లుడుగారికి నచ్చాయటా?"

ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోతుంటే బావ చెయ్యి పట్టుకున్నాడు. "పెట్టేయ్ సాకేత్. ఆవిణ్ణేం అనకు. తోమారని నాకు తెలుసు."

ఫోన్ పెట్టేశాను.

"బంగారంలా మెరుస్తుంటే తెలీదా? కలిపారేమో అడుగుదామనుకున్నా. అడిగితే తప్పు పట్టినట్టు ఉంటుంది కదా, అత్తగారితో ఎలా... మందు పోసేముందు పైనున్నవి నాలుగు తూచాను. సరిపోయాయి. కలపలేదులే అనుకున్నా."

చప్పుడు తగలకుండా చెవుల మీద పెట్టుకున్న మఫ్‌లు స్పందన అప్పటికే తీసేసింది.

"యూ న్యూ?" అంది.

"అనుమానం వచ్చిందమ్మా."

"అండ్ యూ లెట్ మీ షూట్?"

బావ గొట్టాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడ్డాడు. స్పందన నావైపు తిరిగి, "మామా, విల్ యూ డ్రైవ్ మీ?" అంది. నాన్న కారు వైపు చూడను కూడా చూడలేదు.

దారంతా ఎదురుగాలి. పిల్ల కుడికంటి మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది. నొప్పా అంటే కాదంది. నేను బావని తిట్టాను, అమ్మని తిట్టాను, మా ఇంటి మర్యాదలన్నిటినీ కలిపి తిట్టాను. ఊళ్ళోకొచ్చి మా అక్క వీధి తిరుగుతుంటే అప్పుడు పిల్ల నోరు విప్పింది.

"మామా, డోంట్ టెల్ అమ్మమ్మ, ఓకే? షీ విల్ ఫీల్ బ్యాడ్."

అచ్చం వాళ్ళ నాన్నలాగే! రేంజ్‌లో నా కాళ్ళు కదల్లేదన్నానే, ఆ భయం దీని ముందు ఎంత! కారు పక్కకి తీసి ఆపేశాను.

"చెప్తానమ్మా," అన్నాను. "ఇప్పుడే, నీ ఎదురుగానే చెప్తాను."