కెప్టెన్ ఎడమ కనుబొమ

కత్తెర బాబాయ్‌కి మొహమాటం తెలియదు. సెలూన్‌లో అద్దం ముందు కూర్చున్నవాడు ఎంతటివాడైనా సరే, "ఈ క్రాపు నీకు నప్పదు నాయనా, చెవులు పెద్దవి" అని మొహం మీదే చెప్పేస్తాడు. అలిగి వెళ్ళినవాళ్ళు నెల తిరక్కుండా మళ్ళీ వస్తారు. ఆయన బాగుందన్నాడంటే నిజంగా బాగున్నట్టే మరి. అలాంటి మనిషి కట్టుకున్న భార్యతో ఏళ్ళ తరబడి అబద్ధమాడాడంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఆడాడు.

ఆదివారం సెలూన్‌కి గిరాకీ ఎక్కువ. అయినా సరిగ్గా నాలుగింటికి షట్టర్ సగం దించేసి, ఒక్కోసారి మొహాన నురగతో ఉన్నవాణ్ణి కూడా కుర్చీలోనే వదిలేసి, తెర తోసుకుని వెనక గదిలోకి వెళ్ళిపోతాడు. ఆ గదిలోనే వాళ్ళ కాపురం. నాలుగింటికి టీవీలో నౌక సీరియల్ వస్తుంది. నక్షత్రాల మధ్య దారి తప్పిన ఓ నౌక, దాన్ని ఇంటికి చేర్చాలని తంటాలు పడే కెప్టెన్. పరాయి భాషలో తీసిన సీరియల్‌కి డబ్బింగ్.

పిన్నికి ఆ సీరియల్ పిచ్చి పెళ్ళికి ముందునుంచే ఉంది. కొత్తకాపురంలో బాబాయ్ ఉడుక్కునేవాడు.

"ఆ కెప్టెన్నే చేసుకోవాల్సింది!"

"సంబంధం కుదర్లేదండీ," అనేది పిన్ని.

తర్వాత ఆయనకీ ఆ పిచ్చి అంటుకుంది. గండం వచ్చినప్పుడల్లా కెప్టెన్ ఎడమ కనుబొమ ఒక్కటే పైకెగరేస్తాడు. అది కనబడితే చాలు, ఇక నౌకకి ఢోకా లేదని పిన్ని కాళ్ళు చాపుకుని కూర్చునేది.

ఎనిమిదేళ్ళ కిందట కంటి నరాలు ఎండిపోయి ఆమె చూపు పోయింది. ఏడవాల్సిందంతా ఏడ్చి, ఓ రోజు భర్త చెయ్యి పట్టుకుంది.

"జాలిపడి నా దగ్గర ఏదీ దాచకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇకమీదట మీరు చెప్పిందే నాకు లోకం."

సరేనన్నాడు. ఆదివారాలు పక్కన కూర్చుని తెర మీద కనబడేదంతా చెప్పేవాడు. కెప్టెన్ జుట్టు నుదుటి మీంచి వేలెడు వెనక్కి జరిగిందని చెప్పి తిట్లు కూడా తిన్నాడు. నెలకోసారి ఆమె జుట్టు తనే కత్తిరించేవాడు. "ఇంకా నల్లగానే ఉందా?" అని ఆమె అడిగితే, "నిగనిగలాడుతోంది" అనేవాడు.

ఇలా ఉండగా కిందటేడు కెప్టెన్ మారిపోయాడు. పేరు అదే, కోటు అదే, మనిషి వేరు. పాత నటుడు వయసైపోయి మానుకున్నాడట. బాబాయ్ గుండెల్లో రాయి పడింది. ఇరవయ్యారేళ్ళ పరిచయం మరి. అయితే డబ్బింగ్ గొంతు మాత్రం పాతదే. పిన్ని ఎప్పట్లాగే ముందుకు వంగి అడిగింది.

"కనుబొమ ఎగరేశాడా?"

ఆ కొత్తవాడి కనుబొమలు రెండూ ఉన్నచోటే ఉన్నాయి. కెప్టెన్ మారిన రోజే ఈ సీరియల్‌కి దణ్ణం పెట్టేస్తానని ఆమె ఎన్నోసార్లు అంది. చూపు పోయాక ఆమె మనసారా నవ్వేది వారానికి ఈ ఒక్క గంటే. అదీ పోతే ఆ గదిలో ఇంకేం మిగలదని ఆయన భయం.

"ఎగరేశాడు," అన్నాడు.

అక్కణ్ణుంచి వెనక్కి రావడం చేతకాలేదు. వారం వారం కొత్త మొహాన్ని చూస్తూ పాత మొహాన్ని చెప్పాడు. పాతాయన వెళ్ళిపోయాడన్న బెంగ ఆయనకీ ఉంది. దాన్ని చెప్పుకోదగ్గ మనిషి లోకంలో ఒక్కర్తే, ఆమెకే చెప్పకూడదు.

మొన్న పది రోజులుండి పోదామని మరదలు వచ్చింది. ఆదివారం అక్క పక్కన చేరి టీవీ చూస్తూ, "ఈయనెవరు బావా? పాత కెప్టెన్ ఏమయ్యాడు? వీడి మొహంలో ఆ కళే లేదు!" అనేసింది.

బాబాయ్ సైగ చేసేలోపే అంతా అయిపోయింది. పిన్ని చెయ్యి చాపి, తడుముకుని, టీవీ కట్టేసింది.

"ఎన్నాళ్ళయింది?"

"ఏడాది దాటింది."

"ఏడుస్తాననా?"

"చూడ్డం మానేస్తావని."

"మానేసేదాన్నే. ఇరవయ్యారేళ్ళ మనిషి పోతే నాలుగు రోజులు ఏడ్చేదాన్ని. ఆ ఏడుపు కూడా నాకు లేకుండా చేశారు కదండీ."

మెల్లిగా తల తడుముకుంది.

"నా జుట్టో?"

ఎవరి మొహం మీదైనా నిజం చెప్పగల మనిషి నేల చూపులు చూశాడు.

"తెల్లబడింది."

"ఎంత?"

"మొత్తం. ఐదేళ్ళయింది."

ఆ వారమంతా ఆమె అన్నం వడ్డించింది, మంచినీళ్ళు అందించింది, పలకరిస్తే పలికింది. దానికంటే తిడితేనే బాగుండేదని బాబాయ్‌కి అనిపించింది.

మళ్ళీ ఆదివారం నాలుగింటికి ఆయన అలవాటు కొద్దీ షట్టర్ దించి, బెరుగ్గా లోపలికి వచ్చాడు. టీవీ పెట్టి ఉంది. ఆమె ఎప్పటి చోటే కూర్చుని, పక్కన ఆయనకి చోటు కూడా వదిలింది. ఆయన ప్రాణం లేచొచ్చింది. గొంతు సవరించుకుని, ఈసారి అణువంత కూడా తేడా రాకుండా మొదలెట్టాడు.

"కొత్తాయన కిటికీ దగ్గర నిలబడ్డాడు. బయట ఆకాశం ఎర్రగా ఉంది."

పిన్ని అవతలివైపున్న చెల్లెలి వైపు తల తిప్పింది.

"నిజమేనా?"

"నిజమే అక్కా, ఎర్రగానే ఉంది," అంది మరదలు నసుగుతూ.

ఆ తర్వాత కొత్తాయన ఎటు నడిచాడో, ఏం చూశాడో చెప్పడానికి బాబాయ్‌కి నోరు రాలేదు.