ఉయ్యూరులో దిగిపోయిన సీతాకోకచిలుక

ఆ రోజుల్లో నాకు ఈ లోకంలో తెలియాల్సిన సంగతి ఒక్కటే ఉండేది. మా పెదనాన్నగారి అరటితోటలో ఆకులు చుట్టుకుని కాపురం పెట్టిన పురుగు అన్నగారా, తమ్ముడుగారా? ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. నాతో చదివే ఆడపిల్లలు ఏ కంపెనీలో ఇంటర్వ్యూలు పడ్డాయి, బెంజి సర్కిల్ దగ్గర కొత్తగా పెట్టిన హోటల్లో బిర్యానీ ఎలా ఉంది అని మాట్లాడుకుంటుంటే, విజయవాడలో ఎమ్మెస్సీ జువాలజీ వెలగబెడుతున్న నేను మాత్రం ఒక పురుగు పేరు కోసం అన్నం సహించక తిరిగేదాన్ని. సీతాకోకచిలుకల్లో స్కిప్పర్లని ఒక తెగ ఉంది. ఒళ్లు లావు, రెక్కలు పొట్టి, మీసాల చివర చిన్న కొక్కెం, ఎగరడం కంటే గెంతడమే ఎక్కువ. వాటిలో ఎరియోనోటా అనే ప్రజాతి ఒకటి. ఆ ఇంట్లో అన్నదమ్ములు చాలామందే ఉన్నా, అరటి మీద పడి బతకడంలో పేరు మోసినవాళ్లు ఇద్దరు: థ్రాక్స్, టోరస్. ఇద్దరిదీ మట్టిరంగే, ఇద్దరికీ ముందు రెక్క మీద పసుపచ్చటి మచ్చలే. కాకపోతే ఒకడి రెక్క కొస కాస్త మొనదేలి ఉంటుందనీ, రెండోవాడిది కాస్త గుండ్రమనీ పుస్తకాల్లో రాసి ఉండేది. ఆ 'కాస్త' అన్న మాట మీద నా చదువంతా వేలాడుతూ ఉండేది.

మా గైడుని మేం భూతద్దం సార్ అనేవాళ్లం (అద్దాన్ని తాడు కట్టి మెడలో వేసుకునేవారు, క్యాంటీన్‌లో ఇడ్లీ మీద కూడా ఒకసారి పెట్టి చూశారని పుకారు). ఆయన నా ఉత్సాహమంతా విని, "చూడమ్మా, పురుగుని చూసి పేరు చెప్పలేం. ప్యూపాని చూసీ చెప్పలేం. రెక్కలొచ్చినదాన్ని తెచ్చి సెమినార్‌లో నా బల్ల మీద పెట్టు. పెట్టలేకపోతే టాపిక్ మార్చేసి, అందరితో పాటు నువ్వూ చేపల పేగులు కోసుకో" అన్నారు. చేపల పేగుల మీద నాకు వ్యక్తిగతంగా ద్వేషమేమీ లేదు గానీ, వాటిని కోసే బల్ల దగ్గర అప్పటికే చాలా రద్దీగా ఉండేది, పైగా ఆ వాసన హాస్టల్ దాకా వెంట వచ్చేది.

పెదనాన్నగారు చల్లపల్లి దగ్గర కేవలం ఆకుల కోసమే అరటి వేసి, కట్టలు కట్టి విజయవాడ కేటరింగ్ వాళ్లకి పంపేవారు. ఆకుకి చిల్లు పడితే ఆయన గుండెకి చిల్లు పడినట్టే. "నేను దాన్ని చంపడానికి మందు కొట్టిస్తుంటే, నువ్వు దానికి పేరు పెట్టి బారసాల చేస్తానంటావేంటే?" అని కేకలేశారు. చివరికి కాలవ గట్టు వైపు వరసని మందు కొట్టకుండా నాకు వదిలిపెట్టారు. ఆ పురుగు పనితనం చూసి తీరాల్సిందే. ఆకుని అంచు నుంచి కోసుకుంటూ వచ్చి, తన చుట్టూ చాపలా చుట్టుకుని, లోపల హాయిగా తింటూ పెరిగి, అందులోనే ప్యూపా అయిపోతుంది. చుట్ట విప్పితే లోపలంతా తెల్లటి మైనపు పిండి. నేను ప్యూపాలున్న చుట్టల్ని ఆకుతో సహా కోసి, విడిపోకుండా అరటినారతో ఒక్కొక్కటీ ముడేసి, గుడ్డసంచిలో పేర్చుకుని, చల్లపల్లిలో విజయవాడ బస్సెక్కాను. వాటికి గాలాడాలని సంచి మూతి తెరిచి ఒళ్లో పెట్టుకున్నాను. చిక్కంతా అక్కడే వచ్చింది.

నా పక్క సీట్లో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఎర్ర అంచు పట్టుచీర, జడలో కనకాంబరాలు, కాళ్ల దగ్గర కొబ్బరిచిప్పల సంచి. బస్సు మోపిదేవి మీదుగా వచ్చింది కాబట్టి సుబ్రహ్మణ్యస్వామి దర్శనం చేసుకుని వస్తోందని అడక్కుండానే తెలుస్తోంది (అడక్కుండానే ఆవిడ కూడా చెప్పింది). ఆవిడ చూపు నా సంచిలో పడింది. అరటాకు పొట్లాలు, నార ముళ్లు, పైన రాలిన తెల్లటి పొడి. ఆవిడ కళ్లు వెలిగిపోయాయి.

"విభూతి! అబ్బ, స్వామి దయ. ఆ జనంలో నలిగి నలిగి విభూతి దగ్గరికెళ్లేసరికి మా తోడికోడలు బస్సెళ్లిపోద్దని ఒకటే గోల. ఒక పొట్లం నేను తీసుకుంటా తల్లీ, నీకు బోలెడున్నాయిగా."

"అది కాదండీ పిన్నిగారూ, అది…"

"మొహమాటపడకు. ప్రసాదం పంచుకుంటేనే పుణ్యం."

ఈ మాట అంటూనే ఒక పొట్లం తీసి కళ్లకద్దుకుంది. రాలిన పొడిని వేలికి రాసుకుని నుదుట అడ్డంగా గీసుకుంది. నాకూ గీసింది. నేను ధైర్యం కూడగట్టుకుని, "పిన్నిగారూ, అందులో పురుగుందండీ" అన్నాను. "అరటాకన్నాక పురుగుండదా ఏంటి, దులిపేస్తాలే" అని పొట్లాన్ని హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జిప్ లాగేసింది. ఆ తర్వాత పామర్రు నుంచి ఉయ్యూరు దాకా ఆవిడ తమ బట్టల కొట్టు, కోడలి వంట, మోకాళ్ల నొప్పి గురించి చెబుతూనే ఉంది. నాకు నోరు తెరిచే సందు దొరకలేదు. ఉయ్యూరులో దిగుతూ, మెట్టు మీద నిలబడి, కండక్టరు విసుక్కుంటున్నా వినకుండా, "ఫ్యాక్టరీ రోడ్డులో పాలకేంద్రం ఎదురు సందు, నీలం ట్యాంకు మేడ. రాకపోతే ఊరుకోను!" అని అరిచి వెళ్లిపోయింది. పోతే పోయింది ఒక్కటే కదా, సంచి నిండా ఉన్నాయని సర్దుకున్నాను.

హాస్టల్‌లో నా మంచం కింద అట్టపెట్టెలో చుట్టల్ని పేర్చి, రోజూ చెవి ఆనించి వినేదాన్ని (అవి కదిలితే లోపల గరగరమంటుంది). తీరా రెక్కలు రావాల్సిన సమయానికి ఒక్కో ప్యూపాకీ చిన్న గుండ్రటి కన్నం పడింది. అందులోంచి సీతాకోకచిలుకకి బదులు నల్లటి బుల్లి కందిరీగలు బయటికొచ్చి, గది కిటికీ అద్దాల మీద వరసగా నిలబడ్డాయి. పెదనాన్నగారు మందు కొట్టని చోట ప్రకృతే తన మందు కొట్టేసిందన్నమాట. ఆ కందిరీగల తల్లులు నాకంటే ముందే వచ్చి ప్యూపాల్లో గుడ్లు పెట్టి పోయాయి. నా రూమ్మేట్ దుప్పటి ముసుగేసుకుని పక్క గదికి మకాం మార్చేసింది. నేను మాత్రం ఖాళీ డొప్పల ముందు కూర్చుని ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను. మర్నాడే సెమినార్. అప్పుడు గుర్తొచ్చింది, ఇంకొకటి ఉయ్యూరులో ఉందని.

ఆ ఆదివారం మధ్యాహ్నం పాలకేంద్రం ఎదురు సందులోకి వెళ్లి చూస్తే సగం మేడల మీద నీలం ట్యాంకులే. రెండిళ్ల తలుపులు తప్పుగా కొట్టాక మూడో ఇంట్లో కోడలు తలుపు తీసింది. నేను సంగతి మొదలెట్టానో లేదో, "ఆ పొట్లం మీదేనాండీ? అది కదులుతోందండీ! అత్తయ్యగారేమో స్వామి మహిమంటారు, నాకు దేవుడి గదిలోకెళ్లాలంటేనే హడలు" అంది గుసగుసగా. లోపల దేవుడి గదిలో, ఇత్తడి పళ్లెంలో, నా అరటాకు చుట్ట పసుపు కుంకాలతో, తులసిదళంతో కొలువుదీరి ఉంది.

విభూతి పిన్నిగారు (అప్పటికే మనసులో ఆవిడకి ఆ పేరు పెట్టేశాను) నన్ను చూసి మురిసిపోయి కాఫీ పెట్టించింది. నేను కాఫీ ముట్టకుండా అంతా చెప్పేశాను. ఆవిడ మొహంలో రంగు మారింది.

"అయితే రోజూ నేను నుదుట పెట్టుకుంటోంది…"

"దాని ఒంటి మైనమండీ."

"హారతిచ్చింది?"

"దానికేనండీ."

కోడలు చీర చెంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది. తిట్లు తప్పవనుకున్నాను. ఆవిడ కాసేపు పళ్లెం వైపే చూసి, "బస్సులో పురుగుందన్నావు కదూ?" అంది. అన్నానండీ అన్నాను. "మరి గట్టిగా చెప్పొద్దూ!" అని, ఉన్నట్టుండి భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వు ఆగాక పళ్లెం ముందుకి లాక్కుని, "ఇంతకీ ఇందులోంచి వచ్చేదెవరు?" అని అడిగింది. అన్నో తమ్ముడో తెలియదనీ, అది తేల్చడానికే వచ్చాననీ చెప్పి, రెక్క కొస సంగతి వివరించాను. "అయితే ఇక్కడే చూద్దాం. ఇన్నాళ్లు దీపం పెట్టినదాన్ని చూడకుండా పంపించను" అని నా పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

చుట్ట మెల్లగా విప్పాం. ప్యూపా నల్లబడి, లోపలి రెక్కల మచ్చలు పైకి కనిపిస్తున్నాయి. వెలుగు తగ్గుతుండగా అది వీపు మీద చిట్లింది. తడిసి ముడుచుకున్న ముద్దలా ఒక ప్రాణి బయటికొచ్చి, పళ్లెం అంచు ఎక్కి, అక్కడి నుంచి అగరుబత్తీల స్టాండు ఎక్కి, వేలాడింది. రెక్కలు మా కళ్లముందే సాగాయి. కళ్లు దానిమ్మ గింజల రంగు. ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఆ ఎరుపు ఇలా ఉంటుందని నాకు తెలియనే తెలియదు.

"కళ్లు చూడవే తల్లీ, ఏడ్చొచ్చినట్టున్నాయి! రెక్క మొన చూడు, మొనే."

"గుండ్రమేమోనండీ."

"మొనంటుంటే! ఏమ్మా, నువ్వు చెప్పు."

కోడలు గుమ్మం అవతలే నిలబడి తొంగిచూసి, "రెండూనండీ" అంది. నా ఫోన్‌తో ఫొటో తీస్తే బూడిద రంగు మరక ఒకటి వచ్చింది (ఆ ఫోన్‌కి సాయంత్రమైతే రేచీకటి). ఇంక మిగిలింది నా సంచిలోని గాజుసీసా. తీశాను. ఆవిడ దాని అడుగున మందు అద్దిన దూది వైపు చూసింది.

"అందులో పెడితే?"

"నిద్రపోతుందండీ."

"మళ్లీ లేస్తుందా?"

"లేవదండీ."

"సరే, నీ చదువు కదా. నీ ఇష్టం తల్లీ" అని మొహం అటు తిప్పుకుంది. వద్దని గట్టిగా అని ఉంటే నాకు సులువయ్యేది. ఆ కొస మొనో గుండ్రమో తెలుసుకోవాలని నా ఒళ్లంతా తహతహలాడుతోంది. అదే సమయంలో, ఆ లావు శరీరం ఆ పొట్టి రెక్కలతో ఎలా ఎగురుతుందో చూడాలనీ ఉంది. సీసా మూత నా చేతిలోనే ఉంది. సీతాకోకచిలుక రెక్కలు వణికించడం మొదలెట్టింది. వణుకు పెరిగి, సన్నటి మోత అయింది. మరుక్షణం మా ఇద్దరి తలల మధ్య నుంచి దూసుకుపోయి, కిటికీలోంచి చెరుకుతోటల వైపు మాయమైంది. నేను కావాలనే ఆలస్యం చేశానో, అదే నాకంటే చురుకైందో ఇప్పటికీ తేల్చుకోలేదు. పిన్నిగారు మాత్రం చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

మర్నాడు సెమినార్‌లో నా దగ్గర ఉన్నది అగ్గిపెట్టెలో ఒక ఖాళీ డొప్ప. భూతద్దం సార్ అద్దం పెట్టి చూసి, "ఇదేంటమ్మా, కుంకుమ?" అన్నారు. క్లాసు గొల్లుమంది. ఇక దాచేదేముంది, బస్సు దగ్గర్నుంచి కిటికీ దాకా అంతా చెప్పేశాను. చేపల పేగులకి మానసికంగా సిద్ధపడిపోయాను. ఆయన అద్దం కిందికి దించారు. తర్వాత గొంతు తగ్గించి, "కళ్లు నిజంగా అంత ఎర్రగా ఉంటాయా?" అని అడిగారు. ఆయన తన సర్వీసంతా చూసినవి సొరుగుల్లో గుండుసూదులకి గుచ్చినవే. ప్రాణం పోయాక కళ్ల రంగూ పోతుందట. ఎగిరే ముందు ఎంతసేపు వణికింది, మోత ఎలా ఉంది, ముందు ఏ కాలు బయటపెట్టింది అని ఆయన అడుగుతూనే ఉన్నారు, గంట కొట్టినా ఆపలేదు. టాపిక్ మార్చే ఊసే ఎత్తలేదు. ఆ తర్వాత వేరే తోటల్లో పట్టినవాటితో నా ప్రాజెక్టు పూర్తయింది. నాకు దొరికినంతలో అందరూ గుండ్రటి కొసవాళ్లే, టోరస్‌లే. దేవుడి గదిలోంచి వెళ్లినది ఎవరో మాత్రం నాకు తెలియదు.

ఇప్పుడు నేను ఒక కోచింగ్ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. సీతాకోకచిలుక జీవితచక్రం మా దగ్గర నాలుగు ఆప్షన్ల ప్రశ్న, పిల్లలు చదవకుండానే జవాబు గుర్తు పెట్టేస్తారు. మొన్న పిన్నిగారు ఫోన్ చేసింది. అప్పట్నుంచీ పెరట్లో అరటిచెట్లు పెంచుతోంది, పురుగు పడితే ఎవరినీ ముట్టుకోనివ్వదు (భోజనానికి ఒక్క ఆకూ సవ్యంగా మిగలడం లేదని కోడలి ఫిర్యాదు). "ఒక చుట్ట విప్పి చూశా, లోపల నల్లబడింది. ఇవాళో రేపో వస్తాడు. రా!" అంది. నేను పరీక్షలూ పేపర్లూ అంటూ ఏదో నసిగి, "వీలు చూసుకుని వస్తానండీ" అన్నాను.

"వాడు నీ వీలు చూసుకుని వస్తాడేంటే?" అంది ఆవిడ.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. ఒక రెక్క కొస కోసం ముక్కూమొహం తెలియని ఇళ్ల తలుపులు కొట్టుకుంటూ ఆ సందులో తిరిగిన పిల్ల గుర్తొచ్చింది. ఎంత వెర్రిబాగుల్ది! ఆ పిల్లని ఎవరైనా వీలుందా అని అడిగి ఉంటే, ఆ మాటకి అర్థమేమిటో దానికి తెలిసేది కాదు.